ఫోటో మామ చెరిపిన మచ్చ

మా తమ్ముడు ధర్మవరం నుంచి రాసే కార్డుల్లో మొదట వాన సంగతి ఉంటుంది, తర్వాత పట్టు సంగతి. పోయిన వారం వచ్చిన కార్డులోనూ అంతే. వాన లేదు, పట్టు ధర దిగలేదు, అమ్మకు మోకాళ్ల నొప్పులు అని రాసి, అట్టడుగున మిగిలిన కాస్త చోటులో ఇరికించాడు: "ఫోటో మామ శుక్రవారం పొద్దున పోయినాడు. నిద్రలోనే." బెంగుళూరులో నా ఉద్యోగానికి బయలుదేరుతూ ఆ కార్డు చదివాను. చెప్పులు వేసుకున్నదాన్ని విడిచేసి మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు పనికి పోలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మాది మగ్గాల ఇల్లు, ఆయన సాయిబు. మా వీధి మలుపులో ఆయన స్టూడియో. నడివయసులోనే ఊరందరికీ మామ అయిపోయాడు. పళ్లూడిన ముసలాళ్లు కూడా ఆయన్ను ఫోటో మామా అనే పిలిచేవాళ్లు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో ఒక కుర్చీ, వెనక ఒక తెర, తెర మీద కొండ నుంచి దూకుతున్న జలపాతం. తాగే నీళ్లకు బిందెలు వరసపెట్టే ఊళ్లో అందరం ఆ జలపాతం ముందు నిలబడే ఫోటోలు తీయించుకున్నాం.

ఆయన పనితనం తీయడంలో కాదు, దిద్దడంలో ఉండేది. నెగటివ్‌ను వెలుతురుకు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దాని మీద చుక్కలు పెడుతూ కూర్చునేవాడు. టచింగ్ అనేవాళ్లు ఆ పనిని. అమ్మవారు పోసిన మచ్చలు, ఎండకు కమిలిన బుగ్గలు, కరువుకు పీక్కుపోయిన దవడలు, అన్నీ ఆ పెన్సిల్ కింద సర్దుకునేవి. "ఉండేది ఎవురైనా తీస్తారప్పా, ఉండాల్సింది తీసేకే నేనుండేది" అనేవాడు. నవ్వమని మాత్రం ఎవరికీ చెప్పడు. "నవ్వొద్దు పాపా. నవ్వొచ్చేది ఒకటి తలుచుకోని గమ్మున ఉండు" అంటాడు. ఆ మాటకే నవ్వు వచ్చేది.

నాకు అయిదేళ్లప్పుడు పట్టు ఉడకేసే బానలోంచి కాగే నీళ్లు నా ఎడమ చెంప మీద పడ్డాయి. కణత నుంచి దవడ దాకా నల్లటి మచ్చ మిగిలింది. అది అద్దంలో ఉండేది, ఫోటోల్లో ఉండేది కాదు. బడి గ్రూపు ఫోటోలో నున్నటి చెంప. సంబంధాలకు పంపిన ఫోటోలో ఇంకా నున్నటి చెంప. ఆ ఫోటో చూసి రెండు సార్లు పెళ్లికొడుకు తరపువాళ్లు వచ్చారు. కాఫీలు తాగి, నన్ను చూసి, ఇంటికి పోయి జాబు రాస్తామన్నారు. ఇంకా రాస్తూనే ఉన్నారు పాపం.

నాకు పెళ్లి మీద కంటే ఎరుపు రంగు మీద ధ్యాస ఎక్కువ. నాయన పట్టుకు రంగులద్దేవాడు. మా బావుల్లో ఉప్పునీళ్లు, ఎరుపు ఎంత అద్దినా నిలిచేది కాదు. చీర తడిస్తే అంచు దాకా కారేది, తిట్లు నాయన తినేవాడు. ఎందుకు కారుతుందో తేల్చుకోవాలని నా పట్టుదల. అనంతపురంలో కెమిస్ట్రీతో డిగ్రీ చదువుతుంటే మా మేడం దగ్గరుండి దరఖాస్తులు పెట్టించింది. పశ్చిమ జర్మనీలో రంగుల కెమిస్ట్రీ చదవడానికి స్కాలర్‌షిప్పుతో సీటు వచ్చింది. అక్టోబరు మొదటి వారానికి అక్కడ ఉండాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

పాస్‌పోర్టు ఫోటో ఎవరు తీస్తారు, మా మామే. పాస్‌పోర్టు వచ్చింది. అందులో గుర్తింపు కోసం ఎడమ చెంప మీద కాలిన మచ్చ అని రాసి ఉంది, పక్కనే మచ్చలేని నా ముఖం ఉంది. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయాం. ఒక్కరికైనా తేడా తోచలేదు, నాకూ తోచలేదు. ఫోటో అంటే అట్లాగే ఉంటుందనుకున్నాం.

వీసా కోసం నాయనతో మద్రాసు పోయినప్పుడు కాన్సలేటులో అధికారి ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మచ్చ సంగతి చదివాడు, మళ్లీ నన్ను చూశాడు. ఈ ఫోటోలో ఉన్నది మీరేనని ఎలా నమ్మమంటారు అని అడిగాడు. కసురుకోలేదు. సరైన ఫోటోతో కొత్త పాస్‌పోర్టు తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం అన్నాడు. కొత్తది రావాలంటే నెలలు. నాకున్నవి పద్దెనిమిది రోజులు.

ధర్మవరంలో రైలు దిగి ఇంటికి కూడా పోలేదు. నాయనను ముందు పొమ్మని, నేరుగా స్టూడియోకు పోయాను.

"మామా, నా ముఖం యాడ పెట్టినావు?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. జరిగింది చెప్పాను. చెబుతూ ఉంటే కోపం ఇంకా ఎక్కింది. రాని జాబుల సంగతి కూడా తవ్వి పోశాను. ఎవరు చెరపమన్నారు నిన్ను, నా చెంప నీకేం అడ్డమొచ్చింది అని నోటికొచ్చినట్టు అడిగాను. ఆ వయసు మనిషిని అట్లా అడగకూడదు. అడిగాను.

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు.

"నువ్వే అడిగినావు పాపా."

రెండో తరగతి గ్రూపు ఫోటో తీసిన రోజు, పిల్లలందరూ పోయాక నేను ఒక్కదాన్నే వెనక్కి వచ్చి, "మామా, ఇది లేకుండా తీ" అన్నానట. ఆయన సరేనన్నాడట. "మాట ఇచ్చినా గదా. నువ్వు వద్దనే దంకా చెరపాలనుకున్నా. నువ్వు ఎప్పుడూ వద్దనలేదు" అన్నాడు. నాకు అది గుర్తు లేదు. గుర్తు లేదు గానీ, అబద్ధమనీ అనిపించలేదు. అంతసేపూ ఆయన మీద ఉన్న కోపానికి పోవడానికి చోటు దొరకలేదు. కూర్చొని ఏడ్చాను.

ఏడవనిచ్చాడు. తర్వాత డబ్బాలన్నీ దింపి పాస్‌పోర్టు ఫోటో నెగటివ్ వెతికి తీశాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ చెంప మీద వెలుతురు పడేట్టు కొత్తగా ఫోటో తీశాడు. దాని మీద పెన్సిల్ పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి ఎంత అవస్థ పడ్డాడో నేను చూశాను.

"నేనూ వస్తా మద్రాసుకు" అన్నాడు. పండగలకు తప్ప మూయని అంగడి మూసి వచ్చాడు. పాకాల ప్యాసింజరులో దారి పొడుగునా బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. నెగటివ్, దూది, టర్పెంటైన్ సీసా అందులో ఉన్నాయి. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె కూడా ఒంటిచేత్తోనే తిన్నాడు. కదిరి దాటాక, ఆ దొర ఒప్పుకోకపోతే ఎట్లా అని మెల్లగా అడిగాడు. నీ దగ్గరే టచింగ్ నేర్చుకుంటాలే అన్నాను. ఆయన నవ్వలేదు.

అధికారి ముందు ఆయన తెలుగులో చెప్పాడు, నేను ఇంగ్లీషులో చెప్పాను.

"సార్, ఈ పాప ముఖం నేను దిద్దినా. తప్పు నాది. పాపది కాదు."

నా తప్పు లేదని నా నోటితోనే చెప్పి ఆగాను. ఆగలేక, నేను అడిగితేనే ఆయన దిద్దాడని, ఆయన చెప్పని మాట ఒకటి నేనే చేర్చాను. మామకు ఇంగ్లీషు రాదు. నేనేం చేర్చానో ఆయనకు ఎప్పటికీ చెప్పలేదు.

తర్వాత ఆయన డబ్బా తెరిచి, దూదిని టర్పెంటైన్‌లో ముంచి, నెగటివ్ మీది పెన్సిల్ చుక్కలను మెల్లగా తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. నెగటివ్‌లో నల్లది తెల్లగా కనిపిస్తుంది కదా, నా మచ్చ కణత నుంచి దవడ దాకా తెల్లగా మెరిసింది. అధికారి కుర్చీలోంచి లేచి వచ్చి, దాన్నీ, కొత్త ఫోటోనూ, నన్నూ చాలాసేపు పోల్చి చూశాడు. మూడింటికి రమ్మన్నాడు. మూడింటికి నా పాస్‌పోర్టులో వీసా ముద్ర ఉంది.

చదువు ముగించి వచ్చి, నాయన బానలో కారని ఎరుపు తీశాను. అది చూశాకే నాయన కన్నుమూశాడు. ఈలోపల కలర్ ఫిల్ము వచ్చి మామ పెన్సిల్‌కు పని పోయింది. నేను ఎప్పుడు చూడ్డానికి పోయినా, "ఉండేది ఉన్నెట్లే వస్తాండాది పాపా, ఇంగ నాతో ఏం పని" అనేవాడు. ఆయనతో పని ఉందని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

కార్డు చదివినప్పటి నుంచి నా కళ్ల ముందు ఉన్నది మాత్రం ఆ సాయంత్రం మద్రాసు బస్టాపే. వీసా చేతికొచ్చింది, బస్సు ఇంకా రాలేదు. మామ జేబులోంచి ఆ దూది తీసి విప్పి చూపించాడు. మధ్యలో నువ్వుగింజంత బూడిద రంగు మరక ఉంది.

"ఇంతే పాపా పెన్సిల్ సీసం. ఇంత దాని ఎనక నిన్ను పద్నాలుగేండ్లు పెట్టినా" అన్నాడు.

దూది పారేసి, అదే వేలితో నా మచ్చను కణత నుంచి దవడ దాకా ఒక్కసారి తడిమాడు. వేలికున్న టర్పెంటైన్ చెంపకు చల్లగా తగిలింది.