ఫ్లూటు రాగానే పేపరు దించాలి

నేను పుట్టు అనుమానప్పక్షిని. ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ దెప్పరు కదా. షాపులో క్యాషియర్ పిల్ల నవ్వితే, ఎందుకు నవ్విందా అని పార్కింగ్ లాట్ దాకా ఆలోచించుకుంటూ పోయే రకాన్ని. అలాంటిదాన్ని తీసుకొచ్చి అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో, పొద్దున పోయి సాయంత్రం వచ్చే మొగుడితో, పిల్లాజెల్లా లేకుండా కూర్చోబెడితే ఏం చేస్తాను? ఆ మొగుణ్ణే అనుమానించడం మొదలుపెట్టాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇనప రేకుల్ని అచ్చులు కొట్టే పెద్ద పెద్ద ప్రెస్సుల మధ్య ఆయన ఉద్యోగం. వచ్చిన కొత్తలో బాగానే మాట్లాడేవారు. రానురాను మాట తగ్గింది. వంటింట్లోంచి "ఏమండీ" అని పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. రెండోసారి పిలిచినా అంతే. మూడోసారి అరిస్తే, "ఎందుకే అలా అరుస్తావు" అని తిరిగి నన్నే విసుక్కునేవారు. అదే ఆయన ఫ్రెండ్ ఎవరైనా వచ్చి ఆ పక్క గదిలోంచి ఓ మాట అంటే, వెంటనే జవాబు, మీదుమిక్కిలి ఓ జోకు. మగాళ్ల మాటకి పలుకుతారు, నా మాటకి పలకరు. ఇంతకంటే రుజువేం కావాలి?

నాకు తేలాల్సింది ఒక్కటే. ఈ మనిషికి నా మీద మనసుందా, పోయిందా. పోతే ఎటు పోయింది. పైకి మాత్రం నవ్వుతూనే ఉండేదాన్ని. మనవాళ్ల ఇళ్లల్లో భోజనాలకి వెళ్లినప్పుడు "మా ఆయన నా మాట వినరండీ" అంటే, "ఎవరింట్లో వింటారమ్మా" అని ఆడవాళ్లందరూ నవ్వేసేవారు. ఆయన కూడా నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

పోట్లాడుకోవడానికైనా ఒక సదుపాయం ఉండాలి కదా. మా అమ్మకీ నాన్నకీ మాటల్లేని రోజున "మీ నాన్నకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని" అంటూ నా చేత కబుర్లు పంపుకునేవారు. మాకు ఆ దారీ లేదు. గిన్నెలే గతి. స్టీలు గరిట సింకులో టంగుమని పడేసి, తల తిప్పుతారేమోనని ఓరగా చూసేదాన్ని. ఆయన హాయిగా పేపరు చదువుకుంటూ ఉండేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఊళ్లో లైబ్రరీలో పాత టీవీ ప్రోగ్రాములు వేస్తున్నారంటే వెళ్లాం. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో అన్నీ లైవ్‌గానే ఉండేవట. స్టూడియోలో ఆడుతున్నది ఆడుతున్నట్టే ఇళ్లకి వెళ్లిపోయేది. కొన్నిటిని మాత్రం ఎవరో పుణ్యాత్ములు ఫిల్ము మీదకి ఎక్కించి దాచారు. అందులో ఒకటి మొగుడూ పెళ్లాల తగువు. పొద్దున్నే కాఫీ టేబుల్ దగ్గర కూర్చుని పోట్లాడుకుంటారు. ఒక్క మాట ఉండదు. వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా, సింఫనీ. వయొలిన్లు గబగబా పరిగెడుతుంటే ఆవిడ వేలు ఊపుతూ దులిపేస్తుంది. సన్నగా ఫ్లూటు రాగానే ఆయన పేపరు కాస్త దించి తొంగిచూస్తాడు. డ్రమ్ము దబ్బుమనగానే ఆవిడ ప్లేటు తెచ్చి ఎదురుగా పడేస్తుంది. నోరు విప్పకుండా కాపురమంతా చూపించేశారు.

మా ఆయన నవ్వారు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. నేను తెర సంగతి వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో నేను ఏం చెప్పినా పెదవి కదపని మనిషికి, ముక్కూ మొహం తెలియనివాళ్ల కాఫీ గొడవ చూస్తే ఇంత నవ్వెలా వచ్చింది? అప్పుడే నా బుర్రలో పురుగు తొలవడం మొదలైంది.

ఆ ఫిల్ములు వేసి చూపించినావిడ అమెరికనే, యాభై దాటాయి, ఒంటరి మనిషి. వయసులో ఉండగా న్యూయార్క్‌లో అలాంటి లైవ్ ప్రోగ్రాములకి స్కోరు చూసేదట. ఆటల స్కోరేమో అనుకున్నాను. కాదు, వాయించే సంగీతమంతా రాసి ఉన్న పుస్తకాన్నే స్కోరంటారు. అది ఒళ్లో పెట్టుకుని, ఇదిగో ఫ్లూటు రాబోతోంది, ఈ కెమెరా అటు తిప్పండి అని ఒక్క క్షణం ముందు చెప్పాలి. "లైవ్‌లో తప్పు జరిగితే జరిగినట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు" అంది. రూట్ 46 అనే పెద్దరోడ్డు మీద కేబుల్ కంపెనీ వాళ్ల చిన్న స్టూడియో ఒకటి ఉండేది, ఊళ్లోవాళ్లు ఎవరైనా వెళ్లి ప్రోగ్రాం చేసుకోవచ్చు. అక్కడ అలాంటి మూగ తగువు ఒకటి లైవ్‌లో చెయ్యాలని ఆవిడ కోరిక. మా ఆయన నవ్వడం చూసిందో ఏమో, ఆయనకి ఎదురుగా నిలబడి "మీరిద్దరూ చేస్తారా?" అని అడిగింది. ససేమిరా అనబోయాను. నా నోరు తెరుచుకునేలోపే మా ఆయన యస్ అనేశారు. ఉగాది ఫంక్షన్‌లో వందన సమర్పణ చెయ్యమంటే బాత్రూంలో దాక్కున్న మనిషి ఈయన.

శనివారం శనివారం రిహార్సల్. ఒక టేబులు, రెండు కుర్చీలు, ఆయన చేతిలో పేపరు, నా చేతిలో కాఫీ జగ్గు. సంగీతం టేపు మీంచి వస్తుంది. ఆవిడ కెమెరా కింద చిన్న స్టూలు మీద కూర్చుని, స్కోరు ఒళ్లో పెట్టుకుని, చేతిలో పెన్సిల్ మెల్లగా ఊపుతూ ఉంటుంది. నాకు రెండో వారానికే అర్థమైంది. మా ఆయన కళ్లు పేపరు మీద లేవు, నా మీద లేవు. ఆవిడ మీద ఉన్నాయి. ఫ్లూటు ముందు ఓసారి, వయొలిన్ల ముందు ఓసారి, పేపరు అంచు మీంచి ఆవిడ వంక చూస్తారు. ఆవిడ చిన్నగా తల ఊపుతుంది. అప్పుడు ఈయన మొహం విచ్చుకుంటుంది.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో కడిగేద్దామని, "ఆవిడనే చూస్తున్నారేం?" అన్నాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఆపుదాం, ముందర గ్యాస్ స్టేషన్ వస్తుందిగా" అన్నారు. మాట ఎంత ఒడుపుగా మార్చేశారో చూశారా. ఆవిడ అంటే ఆపుదాం అట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయితే మాత్రం? నాకు నేనే ఆ ప్రశ్న వేసుకుని, నాకు నేనే జవాబు చెప్పుకునేదాన్ని. మాట్లాడటానికి మనిషి దొరికి ఉంటుంది, సంగీతం తెలిసిన మనిషి, నాలా గిన్నెలు పడెయ్యని మనిషి. నా కంటే ఆవిడే నయమని తోచి ఉంటుంది. అలా అనుకున్నప్పుడు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చేది.

నాలుగో శనివారం నేను ముందుగా కార్ దగ్గరికి వెళ్లాను. టేబులు పక్కకి జరిపి వస్తానని ఆయన ఆగారు. నా స్కార్ఫు మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళితే, స్టూడియో అద్దంలోంచి కనబడింది. టేపు తిరుగుతోంది. టేబులు జరపలేదు, పెట్టలేదు. ఆయన కళ్లు మూసుకుని, అరచెయ్యి టేబులు మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నారు. పక్కనే ఆవిడ చెయ్యి, వేళ్లతో టేబులు మీద చిన్నగా కొడుతోంది. రెండు చేతుల మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఆయన మొహం అంత ప్రశాంతంగా ఉండటం నేను చూసి ఎన్నాళ్లయిందో. స్కార్ఫు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి అడగలేదు. అడిగితే మళ్లీ గ్యాస్ స్టేషన్ అంటారు. నాకు రుజువు కావాలి, అదీ తప్పించుకోలేని చోట. లైవ్‌లో వెనక్కి తీసుకోవడం ఉండదని ఆవిడే కదా చెప్పింది.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం మేం టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఎదురుగా ఊళ్లోవాళ్లు కొద్దిమంది ఫోల్డింగ్ కుర్చీల్లో ఉన్నారు. ఇంకో నిమిషంలో మొదలవుతుందనగా నా కుర్చీని రెండడుగులు పక్కకి లాక్కున్నాను. సరిగ్గా ఆయనకీ ఆవిడకీ మధ్య. ఇక ఆయన ఎటు చూసినా నేనే కనబడాలి. ఆవిడ గాభరాగా చెయ్యి ఊపి కుర్చీ వెనక్కి జరపమంది. చూడనట్టు ఊరుకున్నాను. ఈలోపు కెమెరా మీద ఎర్రలైటు వెలిగింది. అంతే, ఇంకెవరూ నోరెత్తడానికి లేదు.

ఫ్లూటు వచ్చింది. పేపరు దిగలేదు. ఫ్లూటు వెళ్లిపోయింది, పేపరు అలాగే ఉంది. ఎదురుగా ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆయన కుడివైపు వంగి ఆవిడ కోసం చూడబోయారు. నేనూ అటే వంగాను. ఎడమకి వంగితే నేనూ ఎడమకి వంగాను. జనం గొల్లుమన్నారు, ఇదంతా ఆటలో భాగం అనుకుని. నాలో నేను దొరికారులెండి అనుకున్నాను.

అప్పుడు పేపరు మీంచి ఆయన కళ్లు కనబడ్డాయి. తప్పు చేసి దొరికినవాళ్ల కళ్లు అలా ఉండవు. బస్టాండులో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్ల కళ్లలా ఉన్నాయి. నా పెదాల వంక చూశారు, ఏమైనా చెప్తానేమోనని. నాది మూగ వేషం, ఏం చెప్పను? ఆయన మెల్లగా అరచెయ్యి టేబులు మీద బోర్లా పెట్టారు. మళ్లీ ఫ్లూటు వచ్చింది. ఆయనలో కదలిక లేదు. వెనకాలే డ్రమ్ము దబ్బుమంది. చటుక్కున పేపరు దిగింది.

డ్రమ్ము అందింది. ఫ్లూటు అందలేదు.

వంటింట్లోంచి నా పిలుపు, సింకులో స్టీలు గరిట, కార్‌లో నేనన్న మాట, సన్నగా ఉన్నవేవీ ఆ మనిషికి అందడం లేదు. మగగొంతులు బరువు కాబట్టి అందుతున్నాయి. మా ఆయన నా మాట వినరు అని ఊరంతా చాటుకున్నాను. వినకపోవడం కాదు, వినపడకపోవడం.

టేబులు కింద నా కాలు ఆయన కాలి మీద పెట్టాను. ఫ్లూటు రాగానే నొక్కాను. పేపరు దిగింది. తర్వాత వయొలిన్లకి రెండుసార్లు నొక్కాను. అలా చివరిదాకా వెళ్లాం. వేలు ఊపుతూ ఆయన్ని దులిపే చోట నాకు నిజంగానే కళ్లనీళ్లు కారిపోతున్నాయి. ఎంత బాగా చేసిందో అని జనం చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, నా స్కార్ఫు నా చేతిలో పెట్టి, "కుర్చీ జరిపావు" అంది. తప్పు పట్టినట్టూ లేదు, అడిగినట్టూ లేదు.

కార్ ఎక్కాక ఆయన గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను. "ఎప్పట్నుంచి?"

"మూడేళ్లు" అన్నారు, నా పెదాలే చూస్తూ. ప్రెస్సుల చప్పుడుకి పోయిందట. కంపెనీలో ఏడాదికోసారి వినికిడి పరీక్ష పెడతారు. అందులో తప్పితే పనిలోంచి తీసేస్తారేమో, గ్రీన్‌కార్డు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది, అని భయం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినగానే వేలు ఎత్తమంటారట. ఈయన బయట మీట నొక్కేవాడి భుజం కదలిక చూసి వేలు ఎత్తుతూ వచ్చారు. ఆవిడ మాత్రం మొదటి రిహార్సల్‌లోనే పట్టేసి, తల ఊపి సైగ చేస్తూ, టేబులు మీద వేళ్లతో కొట్టి చేత్తో ఆ అదురు పట్టుకోవడం నేర్పిందట. నాకు చెప్పొద్దని ఈయనే బతిమాలుకున్నారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు కోపమొస్తే ఎవరి ముందైనా అనేస్తావు కదా. అది ఫ్యాక్టరీ దాకా పోతుందని."

నిజమే. అనేసేదాన్నే. ఇంకా ఒకటి మిగిలింది. "వినపడకపోతే మరి ఈ సంగీతం వేషానికి ఎందుకు ఒప్పుకున్నారు?"

"నువ్వు మాట్లాడవు కదా, అందుకని" అన్నారు. నా మొహం చూసి చెయ్యి పట్టుకున్నారు. "అలా కాదు. ఇంట్లో నువ్వేమన్నావో ఊహించుకుని జవాబు చెప్తాను. సగం తప్పుతాయి, నీకు కోపం వస్తుంది. దానికంటే ఊరుకోవడమే నయమనిపించేది. అక్కడైతే నీకూ మాటల్లేవు, నాకూ లేవు. వేలు ఊపితే కోపం, కాఫీ పోస్తే తగ్గినట్టు. నువ్వేమంటున్నావో అంతా తెలిసేది. ఈ ఆరు శనివారాలూ నీ ఎదురుగా కూర్చుంటే ఎంత హాయిగా ఉందో నాకు."

ఆ ఆరు శనివారాలూ నేను ఆయన కళ్లు ఎటు పోతున్నాయో కాపలా కాస్తూ కూర్చున్నాను.

తప్పయిపోయింది అన్నాను. ఆయన అప్పటికే తల తిప్పి, వెనక్కి చూసుకుంటూ కార్ రివర్స్ చేస్తున్నారు. రూట్ 46 మీద ఎర్రలైటు పడేదాకా ఆగి, భుజం తట్టి, ఆయన నా మొహం వంక చూశాక మళ్లీ చెప్పాను.