నేను ఇచ్చిన ఒక్క స్టార్

ఆ సమీక్ష రాసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్తాను. స్టాఫ్ రూంలో ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు తెరవను. నేను ఫోన్‌లో ఆట ఆడతానన్న సంగతి మా ఇంట్లో కూడా తెలియదు. తల వంచుకుని కూర్చుంటే ఏదో చదువుకుంటున్నాననుకుంటారు. అలాంటి నేను ఒక ఆటను, దాన్ని చేసినవాళ్ళను, అందులో వినిపించే ఒక ఆడగొంతును పన్నెండు వాక్యాల్లో చీల్చి, ఒక్క స్టార్ ఇచ్చి, మారుపేరుతో పెట్టాను. నా రాతల్లో మనుషులు చదివింది అదొక్కటే. మిగతావన్నీ డైరీల్లో ఉన్నాయి.

ఆట పేరు రాయను. డౌన్‌లోడ్ చేసుకోవడానికి పైసా అడగదు. అందులో రాజ్యాలుంటాయి, యోధులుంటారు, ఒక పెద్ద కథ నడుస్తూ ఉంటుంది. కానీ మనకు నచ్చిన యోధురాలు మన జట్టులోకి రావాలంటే అదృష్టం పెట్టె తెరవాలి. అందులోంచి ఎవరొస్తారో తెలియదు. ఇలాంటివాటిని గచా ఆటలంటారు. చిన్నప్పుడు మా వాడ కిరాణా దుకాణంలో ఒక అట్టకు మడత చీటీలు అంటించి ఉండేవి. ఒకటి చింపితే బుడగ వచ్చేది, ఇంకొకటి చింపితే ఇనుప ఉంగరం. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. పైన కట్టిన పెద్ద బొమ్మ మాత్రం చీటీలన్నీ అయిపోయినా అక్కడే వేలాడేది. ఈ ఆట కూడా ఆ అట్టే. కాకపోతే బొమ్మకు మంచి చీర కట్టి, వెనక సంగీతం పెట్టారు.

తెలిసే ఆడాను. ఒక్కో యోధుడికి నాలుగైదు పేజీల జీవితకథ ఉంటుంది. అందరూ దాటేసే ఆ పేజీలే నాకు కావలసింది. నచ్చిన వాక్యాలను నా తెలుగులోకి మార్చి డైరీలో రాసుకునేదాన్ని. అయితే ఆ కథల్లో సగం తాళం వేసి ఉండేవి. ఆ మనిషి పెట్టెలోంచి మనకు వస్తేనే తెరుచుకుంటాయి. చదవడానికి కూడా అదృష్టం కావాలట. నా కోపం అక్కడ మొదలైంది.

విమర్శకులు మొదటి నుంచీ ఆ ఆటను వదల్లేదు. బొమ్మలు బాగున్నాయనేవారు, పాటలు బాగున్నాయనేవారు, ఆ రెండు మెచ్చుకోళ్ళ తర్వాత కొరడా తీసేవారు. మనిషిని ఆడించడం కాదు, రోజూ కాపలా కూర్చోబెట్టడం అనేవారు. ఆడేవాళ్ళు ఇంకా ఘోరం. పొద్దున తిట్టి, మధ్యాహ్నం ఆడి, సాయంత్రం వచ్చి ఇంకో తిట్టు రాసేవాళ్ళు. నేను వాటన్నిటినీ చదివేదాన్ని. నిజం చెప్పాలంటే ఆట కంటే ఆ తిట్లు చదవడంలోనే నాకు రుచి ఎక్కువైంది.

ఆ రోజుల్లోనే ఆటలోకి తెలుగు వచ్చింది. కొత్త యోధురాలు ఒక నేత పిల్ల. మరమగ్గం పక్కన నిలబడి, పోగులతో యుద్ధం చేస్తుంది. మొదటిసారి తెలుగు గొంతులు పెడుతున్నామని నెలల ముందు నుంచి ఊరించారు. విడుదలైన రోజే అందరూ విరుచుకుపడ్డారు. ఇస్తామన్న ఉచిత పెట్టెలు తగ్గించారు, ఫోన్లు పెనంలా కాలుతున్నాయి, ఎంత ప్రయత్నించినా నేత పిల్ల ఎవరికీ రాదు. స్టార్లు గంటగంటకూ రాలిపోయాయి.

నేనూ ఫోన్ తీశాను. అందరూ రాసినవే నేనెందుకు రాయాలి? నాకు మాత్రమే తెలిసినదొకటి ఉంది. జగిత్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్ళు హాస్టల్లో నా గదిలో ఉన్న స్నేహితురాలిది సిరిసిల్ల. వాళ్ళ నాన్న సాంచాలు నడుపుతాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాళ్ళమ్మ వాటికి నూలు కండెలు చుడుతుంది. సెలవులకు వాళ్ళింటికి పోయినప్పుడు చూశాను, ఆ చప్పుడులో ఎవరూ మెల్లగా మాట్లాడరు. పొట్టి పొట్టి మాటలు, గట్టిగా, చేతులు ఊపుతూ. సాంచాలు ఆగినా గొంతులు తగ్గవు. నా స్నేహితురాలు పక్క మంచం మీదున్న నన్ను పిలిస్తే కింది అంతస్తులోని వార్డెన్ పలికేది.

పెట్టెలోంచి రాకపోయినా, ఆటలోని పెద్ద కథలో నేత పిల్ల మాటలు అందరికీ వినిపిస్తాయి. ఆమె మాత్రం దడదడమనే సాంచె పక్కన గుసగుసలాడుతుంది. తేనెలో ముంచిన దూదిలా ఉంది ఆ గొంతు. నా సమీక్షలో ఒకచోట ఇలా రాశాను: "సాంచె పక్కన గుసగుసలాడే మనిషి సిరిసిల్లలో ఎక్కడా ఉండదు. ఈ గొంతు ఇచ్చిన అమ్మాయి సాంచాల ముఖం చూసి ఉండదు. ఏసీ గదిలో పుట్టి, ఏసీ గదిలో పెరిగి, నేతపనిని బొమ్మల్లో చూసిన గొంతు ఇది. మా ఊళ్ళను ఇంతమాత్రం కూడా తెలుసుకోని వాళ్ళు మా భాషను అమ్ముకుంటున్నారు."

అది పెట్టిన రోజు నుంచి దాని కింద మెచ్చుకోలు గుర్తులు పెరుగుతూనే ఉన్నాయి. వారం తిరగకముందే, ఆటల మీద తెలుగులో వీడియోలు చేసే ఒక విమర్శకుడు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. గుసగుసలాడే చోట గొంతు మార్చి, కళ్ళు మూసి, వగలుపోయాడు. "ఇది రాసినోళ్ళు ఎవరో కానీ, నాకంటే బాగా తిట్టారు" అన్నాడు. కింద వందలమంది నవ్వారు. బడిలో మధ్యాహ్నం అన్నం గంటలో, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ ముక్కను మూడుసార్లు విన్నాను. పక్కన కూర్చున్న టీచర్ "ఏంది మేడం, గట్ల నవ్వుకుంటున్నరు?" అంది. ఏం లేదన్నాను.

ఆ ఆదివారం స్నేహితురాలు ఫోన్ చేసి ఇంటికి రమ్మంది. ఏడాదిగా హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు పని అంటూ తిరుగుతోంది. అడిగితే "తర్వాత చెప్త" అనేది. కోరుట్ల నుంచి బస్సెక్కి, వేములవాడలో మారి సిరిసిల్ల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంట్లో సాంచాలు నడుస్తున్నాయి.

"అచ్చినవా బిడ్డా, కూసో!" అని వాళ్ళమ్మ కండెల దగ్గర నుంచే అరిచింది. "జెర నువ్వన్న జెప్పు దీనికి. నాలుగు దినాలాయె, ముద్ద ముడుతలేదు!"

"నువ్వూకోయే అమ్మా!" అంటూ నా స్నేహితురాలు నన్ను గోడవారకు లాగి, ఫోన్‌ను నా చెవికి ఆనించింది. నేత పిల్ల గొంతు. యుద్ధానికి ముందు అనే మాట.

"ఎవలే ఇది? జెప్పు!"

తెలియదని తల ఊపాను.

"నేనేనే! పని అయ్యేదాక ఎవలికి జెప్పొద్దని సంతకం వెట్టిచ్చుకున్నరు. మా అమ్మకు సుత మొన్ననే జెప్పిన. నువ్వాడుతవేమో, ఒక్క మాట ఇంటే గుర్తువడ్తవేమో అనుకున్న."

"నేను గిసొంటి ఆటలు ఆడను" అన్నాను. నా నోటి నుంచి అంత వేగంగా వచ్చిన మాట ఇంకోటి లేదు.

సాంచాల చప్పుడు మీదుగా, చేతులు ఊపుతూ చెప్పుకొచ్చింది. రికార్డింగ్ గదిలో అద్దం అవతల కూర్చున్న సారు ఆమె మొదటి మాటకే చెవులు మూసుకున్నాడట. "'మెల్లగ అమ్మా, ఇది అంగడి కాదు, పాట పాడినట్టు అను' అంటడు. పొద్దటి సంది పొద్దుగూకేదాక మెల్లగ, మెల్లగ! ఆఖరికి నా గొంతు నాకే ఎవలిదో అనిపిచ్చింది. ఇంటికచ్చి గీ సాంచాల పక్కన్నే నేర్చుకున్న."

"ఔ బిడ్డా!" అని వాళ్ళమ్మ అందుకుంది. "పెదవులు గదులుడే గని మాట ఇనవడకపాయె. దీనికి గాలి సోకిందనుకున్న!"

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను. తర్వాత స్నేహితురాలు నవ్వు ఆపింది.

"ఎవలో రాసిన్రే. నేను సాంచాల మొఖం సూడలేదట. గా కొక్కెం సూడు. గాడ ఉయ్యాల గట్టి పండవెట్టిన్రు నన్ను. సాంచె ఆగితే ఏడ్సేదాన్నట. నేను సూడలేదట!"

కొక్కెం వైపు చూడమంది కాబట్టి చూశాను. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

అసలు భయం ఆ తర్వాత చెప్పింది. కథలో ఇంకా రెండు భాగాల రికార్డింగ్ ఉంది. కానీ జనం ఇట్లా తిడుతుంటే తెలుగు గొంతులు ఉంచాలా తీసెయ్యాలా అని కంపెనీవాళ్ళు ఆలోచిస్తున్నారట. తీసేస్తే ఆమెకు ఇంకో చోట ఎవరూ గొంతు పని ఇవ్వరు. వీడియోలో వెక్కిరించిన గొంతు అని అందరికీ తెలుసు. "మల్ల గీ కండెల కాడికే" అంది. ఈ ఒక్క మాట మాత్రం మెల్లగా అంది.

అందుకే నన్ను పిలిచింది. ఆ విమర్శకుడు వీడియో చివర, నచ్చినవాళ్ళుంటే వాళ్ళూ రాయండి, బాగుంటే అదీ చదువుతాను అన్నాడట. "నువ్వు పుస్తకాలు సదివినదానివి. నువ్వు రాస్తే గాయన సదువుతడు. నా కోసం ఒక్కటి రాసియ్యే."

సరేనన్నాను.

కోరుట్ల వచ్చి ముందు నా సమీక్ష తెరిచాను. తీసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. దాని కింద మెచ్చుకోలు గుర్తులు ఇంకా పెరిగాయి. ఎవరో "ఇది రాసినవాళ్ళు పుస్తకం రాయాలి" అని రాశారు. నేను ఆ మాటను రెండుసార్లు చదివి, ఫోన్ పక్కన పెట్టాను. తీసేసినా వీడియోలో ఉంటుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు.

జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. తిట్టడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. ఇప్పుడు మాత్రం ఒక్కో వాక్యం బడిలో సన్మాన పత్రంలా వస్తోంది. "ఉచ్చారణ స్పష్టంగా ఉంది." "భావప్రకటన మనసుకు హత్తుకుంటుంది." ఆమె ఉయ్యాల గురించి, అద్దం అవతలి సారు గురించి రాస్తే చాలు, నాకు తెలుసు. కానీ అవి రాస్తే ముందు రాసినది అబద్ధమని ఒప్పుకోవాలి. నా పేరు ఎవరికీ తెలియకపోయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆమె గొంతును మూడేళ్ళు పక్క మంచం మీద విన్నాను. ఆటలో రెండు వారాలు విన్నాను. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోగా, నా అంత తెలిసినవాళ్ళు లేరన్నట్టు రాశాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం జగిత్యాల బస్టాండు పక్కన, హాస్టల్ రోజుల్లో మేం పోయే జ్యూస్ దుకాణంలో కలిశాం. కాగితం ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. చదివి, వెనక్కి తిప్పి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. లేదు.

కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. ఆ జవాబు ఎవరికీ పంపలేదు. నెల తిరిగేసరికి ఆటలో తెలుగు గొంతులు తీసేశారు. నేత పిల్ల ఇప్పుడు ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఎవరూ తిట్టడం లేదు. నేను చేసిన ఫోన్లకు సిరిసిల్ల నుంచి జవాబు లేదు. నా సమీక్ష ఇంకా అక్కడే ఉంది.

ఆ రోజు జ్యూస్ దుకాణంలో ఆమె కాగితం నా చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. ఇంటి దగ్గర ఎంత గట్టిగా మాట్లాడుతుందో అంతే గట్టిగా మాట్లాడింది. బల్లల దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"మా ఇంట్ల ఒర్రుకుంట మాట్లాడుతమని, సాంచె పక్కన గుసగుసలు ఉండయని, రాసేటోళ్ళల్ల నీకు తప్ప ఇంకెవలికి ఎర్కనే? గది ఇన్న దినమే అనుకున్న. నువ్వే జెప్తవని సిరిసిల్లకు పిలిచిన. రాసియ్యమంటే అప్పుడన్న జెప్తవనుకున్న."

నేను కాగితాన్ని ఇంకో మడత పెట్టాను. ఆమె సంచి భుజానికి వేసుకుంది.

"తిట్టుడు గంత మంచిగ రాస్తివి. మెచ్చుకునుడెందుకు రాలేదే నీకు?"