కడిగి ఇచ్చిన డబ్బా

1996లో బెంగళూరులోని ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగంలో నన్ను మూత్రపరీక్షల బల్ల దగ్గర వేశారు. అంతకుముందు అటెండరును. అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నవాణ్ణి, ల్యాబ్ అసిస్టెంటు అయ్యేసరికి నెత్తి నెరిసింది.

ఊరి పక్కన జిగణిలో గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసే నాగమ్మ ఆ ఏడే వచ్చింది. లోపల రాళ్లు కట్టి ఒక కిడ్నీ అప్పటికే పోయింది, రెండోదాంట్లోనూ రాళ్లే. అదీ పోతే డయాలిసిస్సే గతి. రక్తంలో కాల్షియం ఎక్కువ. ఆ కాల్షియాన్ని అదుపు చేసే బియ్యపుగింజంతేసి గ్రంథులు మెడలో నాలుగుంటాయి. వాటిలో ఒకటి ఉబ్బిందని డాక్టరమ్మ అనుమానం. అదైతే కోసి తీయాలి. తేల్చుకోవడానికి ఒక పగలూ రాత్రీ మూత్రమంతా పట్టి తెమ్మని డబ్బా ఇస్తాం. కాల్షియం అడుగున పేరుకోకుండా అందులో ముందే కొంచెం యాసిడ్ పోసి ఉంచుతాం.

ఫలితంలో కాల్షియం బాగా తక్కువ వచ్చింది. కొందరి కిడ్నీ పుట్టుకతోనే కాల్షియాన్ని వదలదు, రక్తంలో అది పెరిగేది అందుకే, గ్రంథి ఉబ్బి కాదు. అలాంటివాళ్ల మెడ కోయకూడదు. ఆపరేషన్ రద్దయ్యేదే. డాక్టరమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఇంత తక్కువ వదిలే కిడ్నీలో ఇన్ని రాళ్లెట్లా వస్తాయి నారాయణప్పా? డబ్బా సంగతి కనుక్కో" అంది.

నాగమ్మను అడిగాను.

"కడిగినానప్పా. లోపల ఏందో ఘాటు నీళ్లుండాయి. పారబోసి, సబ్బుపొడేసి తోమినా."

"ఎవరు తోమమన్నారమ్మా?"

"ఒకరి గిన్నె అట్లే వాడుకుంటామా? మీరు కడగకుండా ఇస్తిరని నేనెవురికీ చెప్పలేదులే."

యాసిడ్ లేక కాల్షియం అడుగున పేరుకుపోయి మా కొలతకు అందలేదు. కడగొద్దని, ఎందుకో కూడా చెప్పి మళ్లీ డబ్బా ఇచ్చాం. ఈసారి కాల్షియం ఎక్కువే తేలింది. కోశారు. తీసిన గ్రంథి చిక్కుడుగింజంత ఉంది.

అప్పుడు డాక్టరమ్మ వివరించింది. రక్తాన్ని వడపోసేటప్పుడు కాల్షియం కూడా జారిపోతుంది. మూత్రం సన్నని గొట్టాల్లో సాగేలోపు కిడ్నీ దాదాపు అంతా వెనక్కి లాక్కుంటుంది. చివర మిగిలిన కాస్తా పట్టాలా, వదలాలా అన్నది మెడలోని గ్రంథి పంపే రసం చెబుతుంది. నాగమ్మకు అది పట్టమనే చెబుతూ, ఎముకల్లోంచి కూడా తోడింది. కిడ్నీ పట్టగలిగినంత పట్టింది. పట్టలేనిది పొర్లి రాళ్లు కట్టింది.

ఇన్నాళ్లూ కిడ్నీ అంటే జల్లెడ అనుకున్నాను. ఏ జల్లెడ జారిపోయినదాన్ని ఏరి వెనక్కి తెచ్చుకుంటుంది? ఏ జల్లెడ మెడలోనుంచి వచ్చిన మాట వింటుంది?

నాగమ్మకు ఆ కిడ్నీ దక్కింది. నేను నేర్చుకున్నది ఇదీ: కిడ్నీ తన లెక్క తప్పలేదు, మా కొలత తప్పింది. ఎందుకో చెప్పకుండా చేతికిస్తే, శుభ్రం తెలిసిన మనిషి ఏ గిన్నెనైనా కడుగుతుంది.