సుగుణ టీచర్ కోయనివ్వని గడ్డి

పక్కింటివాళ్ళు క్రిస్మస్‌కని ప్రహరీకి సున్నం వేయిస్తున్నారు. ఆ తడి సున్నం వాసన వంటింటి కిటికీలోంచి వచ్చిందంటే చాలు, పొయ్యి మీద చారు పొంగుతున్నా నాకు పట్టదు. నాచారంలో మా సమాధుల తోట, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలోకి తొంగిచూసే సుగుణ టీచర్ గుర్తొస్తారు.

ఆవిడ మా బడిలో మొక్కల పాఠాలు చెప్పేవారు. మనిషి ఇంతెత్తే, గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. భర్త పోయాక ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే నన్ను ఈడ్చుకుని ఆయన సమాధి దగ్గరికి వెళ్ళేవారు. ఆ మూల నేలంతా సున్నపు గులకలు. బక్కగడ్డి తప్ప ఏమీ మొలవదని అందరూ ఈసడించే చోటే వానాకాలంలో జానెడెత్తు నేల ఆర్కిడ్ మొక్కలు తెల్లగా పూసేవి. ఉప్పల్ వైపు ఇవి ఉండే చోట్లన్నీ కాలనీలయ్యాయని, మిగిలింది ఈ మూలేనని టీచర్ బెంగ.

చిక్కంతా సమాధుల పండుగతో వచ్చేది. నవంబరు మొదట్లో అందరూ గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు పెడతారు. అప్పటికి ఆర్కిడ్ కాయలింకా పచ్చివే. కాయ ఎండి గింజ రాలేదాకా టీచర్ కొడవలి పట్టనిచ్చేవారు కాదు. రాలాక మాత్రం గడ్డి మొత్తం కోయించి, కోసినదాన్ని బయటికి మోయించేవారు. "ఆడ్నే ఇడిస్తే కుళ్ళి ఎరువైతది. ఎరువైతే గడ్డి బలుస్తది, ఇవి సస్తయి," అనేవారు.

అలా పండుగనాడు ఆయన సమాధి ఒక్కటే గడ్డిలో ఉండేది. మొగుడి మీద గడ్డి మొలిపించుకుందని వెనక గుసగుసలు. నాకు ఒళ్ళు మండేది. బాధనిపించదా అని ఒకసారి అడిగేశాను.

"అయితది బిడ్డా. కానీ ఆయనకు ఎర్కే," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

ఒక ఏడు సంఘపెద్ద దానియేలన్న, పాపం మంచి మనసుతోనే, ట్రాక్టరు నిండా నల్లమట్టి, పేడ ఎరువు తెప్పించాడు. టీచరమ్మ భర్త చుట్టూ లాన్ వేయిస్తాడట! టీచర్ వెళ్ళి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డారు.

"దానియేలన్నా, నీ ప్రేమ నాకు తెల్సు. గీ నేల బీదగుంటేనే ఇవి బతుకుతయి. జర ఆపు."

అన్న ముఖం చిన్నబోయింది. టీచర్‌కది నచ్చలేదు. ఆ మట్టిని గేటు పక్కన పోయించి, ఆయన చేతే బంతినారు నాటించారు. మరుసటి ఏటి నుంచి పండుగ పూలన్నీ అక్కడివే.

పోయిన ఎండాకాలం టీచర్ పోయారు. గ్రానైటు వద్దని, ఆయన పక్కనే పెట్టమని, పైమట్టిని గడ్డివేళ్ళతో సహా పలకలుగా తీసి చివర్లో మళ్ళీ పైన పరచమని నాకు ముందే చెప్పిపెట్టారు. పిడికెడు మట్టి వేసే వేళ దానియేలన్న ఏడుస్తూ మట్టి కోసం ఆ పలకల మీదే చేయి వేశాడు. ఆ చేయి పట్టుకుని ఆపి, గోతి లోపలి నుంచి తవ్విన గులకమట్టి ఆ పిడికిట్లో పోశాను. అన్నకు అర్థమైంది. చివరికి ఆ పలకలు పరిచింది ఆయనే.

ఈ వానలకు రెండు సమాధుల మీదా ఆర్కిడ్లు పూశాయి. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. మొన్న పండుగనాడు మేడిపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామె టీచర్ సమాధి మీది గడ్డి చూసి ఆగింది.

"అయ్యో, గీమెకు ఎవ్వరు లేరా?"

వేరే రోజైతే నోరు చేసుకునేదాన్నే. "నేనున్న కదమ్మా," అన్నాను. కాయలింకా పచ్చిగానే ఉన్నాయి. కొడవలి సంచిలోంచి తీయలేదు.