క్రేన్ నాయుడి సిద్ధాంతం

1966లో నేను దుర్గ్‌లోని ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. భిలాయ్‌లో, సుపేలా బజారు వెనక అద్దె ఇల్లు. ఫిజిక్స్ లెక్చరర్ అన్నాక సొంత సిద్ధాంతాలు పట్టుకొచ్చేవాళ్ల బెడద తప్పదు. చాలామందికి టీ ఇచ్చి, మంచి మాట చెప్పి పంపేసేవాణ్ణి. నాయుడి దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

నాయుడు విజయనగరం వైపు మనిషి. బీఎస్సీ చదివి, స్టీల్ ప్లాంటులో లేడిల్ క్రేన్ నడిపేవాడు. లేడిల్ అంటే కరిగిన ఉక్కు పట్టే పెద్ద బాన. గురుత్వాకర్షణనీ విద్యుత్తునీ కలిపి ఒకే సమీకరణంలోకి తెచ్చానంటూ ఏళ్ల తరబడి రాసిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టి వెళ్లాడు.

దసరా సెలవుల్లో ఒక పొద్దున మళ్లీ వచ్చాడు. ఉద్యోగం మానేసి దీనిమీదే కూర్చుంటాడట. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ రాజీనామా ఇచ్చేస్తాడట. భార్యకి నెలలు నిండుతున్నాయి, ఆమెకింకా చెప్పలేదు.

అతని లెక్కలో తప్పు నాకు ముందురోజే దొరికింది.

ఇలాంటి సిద్ధాంతాలకి మేం పెట్టే మొదటి పరీక్ష ఇన్వేరియన్స్. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినా, కదిలే రైల్లోంచి చూసినా ప్రకృతి నియమం మారకూడదు. ఒక వస్తువులోని మొత్తం విద్యుదావేశం ఇద్దరికీ ఒకటే రావాలి. నాయుడి లెక్కలో రైల్లో ఉన్నవాడికి తక్కువ వస్తోంది. ఎక్కడో కూడికలో పొరపాటైతే దిద్దుకోవచ్చు. ఇది పునాదిలోనే ఉంది.

చెబితే విరిగిన మనసుతోనే క్రేన్ ఎక్కుతాడు. కింద మనుషులుంటారు. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా భయమే.

"ఏటి మాస్టారూ, మాటాడరేటి? తప్పుందా?"

"ఉంది నాయుడూ."

ఆ రైలు లెక్క చెప్పాను. చాక్‌పీసు తీసుకుని గోడకున్న బోర్డు మీద తనే చేసి చూశాడు. తుడిచి మళ్లీ చేశాడు. అదే తేడా. ఈవేళ్టికి సెలవు పెట్టమని బతిమాలాను. తను మానేస్తే ఇంకొకడు డబుల్ డ్యూటీ చెయ్యాలన్నాడు. సుద్ద చేతులతోనే సైకిలెక్కాడు.

ప్లాంటులో షిఫ్టు సైరన్ మోగింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తాను. తప్పు లెక్కది, నాది కాదని సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున మా ఇంటి గేటు దగ్గర అతన్ని చూడగానే, ఎదురెళ్లి లోపలికి తీసుకొచ్చాను. రాజీనామా ఇవ్వలేదన్నాడు. తర్వాత మెల్లగా ముందురోజు సంగతి చెప్పాడు. లేడిల్‌ని ఒక్కసారిగా పైకెత్తరు. జానెడు ఎత్తి ఆపుతారు. రెండు కొక్కేలూ సరిగా పడ్డాయని కింది మనిషి చెయ్యూపితేనే ఆపైన ఎత్తుతారు.

"జానెడెత్తి ఆపినాను. కొక్కేలు బాగానే ఉన్నాయి మాస్టారూ. నా సెయ్యే బాగోలేదు. దించీసి, ఇంకో ఆపరేటర్ని పిలిసినాను."

ఆ తర్వాత కూడా కొత్త సిద్ధాంతాలతో మనుషులు వస్తూనే ఉన్నారు. తప్పు కనబడితే ఇప్పటికీ దాచను. కాకపోతే కాగితాలు తెరిచేముందు, ఈవేళ నీ డ్యూటీ ఎన్నింటికని అడుగుతాను.