చిత్రిక నోట్లోని చెక్కపొట్టు

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, చాప మీద చోటుంది. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

మాది ఉదయగిరి. మా ఇంటాయన కొయ్య గరిటెలు చేసేవాడు. ఆత్మకూరులో కరెంటు మిషన్లు దిగాక వడ్రంగులు చెక్కను నునుపు చేసే చేతి చిత్రికలను మూలన పడేశారు. ఈయనేమో వాటిని ఊరూరా వెతికి తెచ్చి అటక మీద వరసగా పెట్టుకునేవాడు. "కూర్చోను పీట లేదు గానీ చిత్రికలు ముప్పై ఉండాయి" అని మా అత్త దెప్పేది. పాత చిత్రికకు వెల కట్టాలంటే చుట్టుపక్కల ఆయనే. తిరగేసి అడుగుభాగం ఎండకు పెట్టి చూసేవాడు. వేలితో కొట్టి, చెక్క లోపల పగిలిందేమో వినేవాడు. పాత మనిషి బొటనవేలు పడి అరిగిన గుంట కనబడిందా, ఇక దాన్ని కింద పెట్టేవాడు కాదు.

ఒక పొద్దున తను పని చేసుకునే కొట్టం నుంచి ఒక చిత్రిక తెచ్చి, గట్టు మీద పెట్టి, గిరాకీ వచ్చిందని ఎవరో కేకేస్తే మళ్లీ వెళ్లిపోయాడు. నల్లగా నిగనిగలాడే చెక్క. దాని నోట్లో, అంటే చెక్కను గీసే ఇనప అలుగు దూరే సందులో, చుట్టలు తిరిగిన పొట్టు ఒకటి ఇరుక్కుని ఉంది. వడ్రంగం ఇంట్లో పొట్టు కనబడితే చెయ్యి ఊరుకోదు. పుల్లతో లాగి, మండుతున్న పొయ్యిలో వేశాను. మెచ్చుకుంటాడని గుడ్డతో తుడిచి పెట్టాను కూడా.

మధ్యాహ్నం తినడానికి వచ్చి, దాని నోట్లోకి చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

"దీంట్లో చుట్ట ఏదే?"

"పొయ్యిలో ఏసినా."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. ఆ చిత్రిక దుత్తలూరులో ఈమధ్యే పోయిన ఒక వడ్రంగిదట. ఆ చుట్ట అతను చివరిసారి తోసినప్పుడు వచ్చిందట. పొద్దున అతని భార్య వెల కట్టమని ఇచ్చి, తాలూకా కచేరీలో పని ఉండి ఆత్మకూరు పోయింది. సాయంత్రం బస్సుకు వస్తుంది. చుట్ట తీయనివాళ్లకే అమ్ముతానని మరీ చెప్పి పోయింది.

"ముందే చెప్పొద్దా?" అన్నాను.

"నువ్వు ముట్టుకుంటావని నాకేం తెలుసు?"

ఇద్దరం సంగటి ముట్టలేదు. కాసేపటికి ఆయనే లేచి, వేపచెక్క తీసుకుని వేరే చిత్రికతో ఒక్క తోపు తోశాడు. అట్లాంటి చుట్టే వచ్చింది. పాతదిగా కనబడాలని మసిగుడ్డలో దొర్లించి ఆమె చిత్రిక నోట్లో ఇరికించాడు.

"అట్నే ఉండాది. నోరు మెదపబాక," అన్నాడు.

మంచివాడే. ఆ చిత్రిక మీద అంత ఆశ పుట్టింది, అంతే.

బస్సు హారన్ వినబడినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. రెండుసార్లు వాకిలి దాకా పోయి వచ్చాను. చివరికి ఆమె రానే వచ్చింది. దుమ్ము కాళ్లతో గడపలో కూర్చుని, చిత్రికను ఒళ్లో పెట్టుకుని తొంగి చూసింది.

"ఉండాది," అంది. "నీ మొగుడు ఎంతంటే అంతకే ఇస్తా మే. మీ ఇంట్లోనే ఉండనీ."

ఆయన నా వైపు చూడలేదు. ఆమె వేలితో ఆ దొంగ చుట్టను మెల్లగా నిమురుతోంది. అది చూడలేకపోయాను.

"అక్కా, అది మీ ఆయన తోసింది కాదు. ఆయన తోసింది తెలవక నేను పొయ్యిలో ఏసినాను. ఇది ఇందాక తోసి పెట్టింది."

ఆమె వేలు ఆగిపోయింది. తల తిప్పి మా పొయ్యి వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"అది కాలిన పొయ్యి మీద ఏం వండినావు?"

"సంగటి."

"మిగిలుండాదా?"

"అట్నే ఉండాదక్కా. ఎవరం తినలా."

"అయితే పెట్టు."

గోంగూర పచ్చడి వేసి ముద్ద పెట్టాను. పళ్లెంలో ఏమీ మిగల్చకుండా తినింది. చెయ్యి కడుక్కుని, మా చుట్టను తీసి గడప మీద పెట్టి, చిత్రికను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. వెల ఊసే రాలేదు. అటక మీద దానికోసం జరిపి ఉంచిన చోటు చూసుకుంటూ ఈయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఆత్మకూరు పోయినా ఉదయగిరి దాకా వచ్చి, మా ఇంట్లో ఒక ముద్ద తిని పోయేది. చిత్రిక మాట ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మీ పొయ్యి ఎన్నడూ చల్లారకుండా ఉండాలి తల్లీ. మీ ఇంట చెయ్యి కడిగినవాళ్లు మళ్లీ మీ గడపే తొక్కాలి.