బాపు ఆపుకున్న ఊపిరి

నేను మొదటినుంచీ అనుమానపు మనిషినే. దవాఖానలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ నవ్వు వెనకాల సూది ఉందనే నమ్మేవాణ్ణి. చెరుకు ఫ్యాక్టరీ నడిచే చలికాలంలో మా బాపుకు ఆయాసం ముదిరింది. బోధన్ పక్కన ఉన్న మా ఊరి నుంచి నిజామాబాదులో ఒక దవాఖానకు తీసుకొచ్చినప్పుడు కూడా నాది అదే బుద్ధి.

పెద్ద డాక్టర్ వెంట, అప్పుడే చదువు ముగించిన కుర్ర డాక్టర్ ఒకడు వచ్చాడు. బాపు అంగీ విప్పించి, వీపు మీద ఒక వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టడం మొదలుపెట్టాడు. తట్టిన చోటే మళ్లీ తట్టాడు. పేదవాడి వీపు వీడికి పలక అయిందా అని నాకు ఒళ్లు మండింది. వీడు రోగం వెతుకుతున్నాడో, మా మీద చెయ్యి సాధన చేసుకుంటున్నాడో అర్థం కాలేదు.

తర్వాత గొట్టం చెవులకు పెట్టుకొని, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. చాలాసేపు విన్నాడు. రెండు వైపులా ఊపిరి చప్పుడే లేదని, రెండు ఊపిరితిత్తుల చుట్టూ నీళ్లు పట్టాయని, రెండు వైపులా సూది దించి తీయాలని తేల్చేశాడు.

పెద్ద డాక్టర్ ఒప్పుకోలేదు. ఆయనది నాకంటే పెద్ద అనుమానం. తానే తట్టి చూశాడు. ఎడమ వైపు ఖాళీ డబ్బాలా మోగింది, కుడి వైపు కింద మాత్రం నీళ్లు నిండిన కుండలా మొద్దుగా పలికింది.

"నీ ఏలు ఒకటి చెప్తున్నది, నీ చెవి ఇంకోటి చెప్తున్నది. నీళ్లు లేని కాడ సూది దించితే ఊపిరితిత్తికి తూటు పడ్తది" అన్నాడు కుర్రవాడితో.

అప్పుడు పెద్ద డాక్టర్ ముందుకు వచ్చి బాపు ముఖం చూశాడు. బాపు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మా ఊళ్లో దొర ఎదుట అలాగే ఉండాలి, మన గాలి ఆయనకు తగలకూడదు. దొరల రాజ్యం పోయిందని అందరూ అంటున్నా ఆ భయం బాపు ఒంట్లోంచి పోలేదు. డాక్టర్లు పీల్చమన్నకొద్దీ ఆయన మర్యాదగా ఆపుకుంటున్నాడు.

పెద్ద డాక్టర్ బాపు వెనక్కి పోయి, ఏదైనా ఇంటి ముచ్చట తియ్యమని నాకు సైగ చేశాడు. మమ్మల్ని మాటల్లో పెట్టి సూది పొడిచేస్తారనుకున్నాను. వాళ్ల చేతుల మీద నుంచి చూపు తిప్పకుండానే, చెరుకు బండిని ఫ్యాక్టరీ ముందు వరుసలో వదిలేసి వచ్చానని చెప్పాను.

బాపు తువ్వాలు తీసేశాడు.

"బండి ఇడిసిపెట్టి ఈడ గూసున్నవా? ఎద్దులకు నీళ్లెవలు పెడ్తరు? ఎండకు చెరుకు తూకం పోదా?"

ఆ తిట్లు సాగుతుండగానే పెద్ద డాక్టర్ కుర్రవాడి అరచేతిని పట్టుకొని వీపుకు ఆనించాడు. ఎడమ వైపు మాటమాటకూ అదురు తెలిసిందట, కుడి వైపు కింద నీళ్లు అడ్డుపడి తెలియలేదట. తిట్టి తిట్టి బాపు రొప్పుతుంటే మళ్లీ గొట్టం పెట్టి విన్నారు. ఎడమ వైపు గాలి బాగానే ఆడుతోంది.

సూది కుడి వైపు ఒక్కటే పడింది. సీసాలోకి దిగిన పచ్చటి నీళ్లు కళ్లారా చూసేదాకా నేను నమ్మలేదు. ఆ రోజు తిన్నన్ని తిట్లు నేనెప్పుడూ తినలేదు, అంత సంతోషమూ ఎప్పుడూ పడలేదు.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టర్ బాపు భుజం మీద చెయ్యి వేసి, "ఇగ ఎవ్వల ముందట గూడ ఊపిరి ఆపకు" అన్నాడు.

బాపు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని, "సరే దొరా" అన్నాడు.